లైవ్‌లో చప్పుడు ముందొస్తోంది, రికార్డింగులో చివరికి తేడా వస్తోంది. రెంటికీ ఒకటే మందా?

డ్రమ్‌క్లాస్

అందరికీ నమస్కారం. మా చెల్లెలు ఆన్‌లైన్‌లో డ్రమ్స్ నేర్పుతుంది. వాయించేది తను; కెమెరాలు, సౌండు, లైవ్ నా పని. సింక్ దగ్గర, అంటే బొమ్మా సౌండూ కలవడం దగ్గర, గట్టి చిక్కే వచ్చిపడింది. తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

ముందు మా దగ్గరున్న సామాను చెప్తాను. ఎదురుగా ఒక పెద్ద కెమెరా. దాన్నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ క్యాప్చర్ కార్డులోకి (కెమెరా బొమ్మని కంప్యూటర్‌కి అందించేది), అక్కణ్ణుంచి లైవ్ పంపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లోకి. పెడల్ మీద కాలు కనపడ్డానికి కింద ఒక వెబ్‌క్యామ్. డ్రమ్స్ మైకులు, మాట మైకు ఆడియో ఇంటర్‌ఫేస్‌లోంచి (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే డబ్బా) యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌లోకి వస్తాయి. ఇవి కాక, క్లాసు మొత్తం తర్వాత ఎడిట్ చేసి పెట్టడానికి విడిగా ఒక చేతి రికార్డరు, పక్కనుంచి ఒక ఫోను పెడతాం. పెద్ద కెమెరా తన కార్డులో కూడా రికార్డు చేసుకుంటుంది.

లైవ్‌లో ఏమవుతోందంటే, కర్ర ఇంకా గాల్లో ఉండగానే స్నేర్ డ్రమ్ము మోగిపోతోంది. మాట్లాడేటప్పుడు అంతగా తెలియదు, వాయించడం మొదలవగానే తెలిసిపోతుంది. నేర్చుకునేవాళ్లు తన చేతులు చూసి కొడతారు కదా, కన్ను ఒకటి చెవి ఒకటి చెప్తుంటే దేన్ని పట్టుకుని కొట్టాలి? ఎక్కడో ఒక వీడియోలో చెప్పారని ఓబీఎస్‌లో మైకుకి సింక్ ఆఫ్‌సెట్ (సౌండుని ఆపే సెట్టింగు) 200 మిల్లీసెకన్లు పెట్టాను. ముందు రావడం పోయింది గానీ, ఇప్పుడు దెబ్బ పడ్డాక సౌండు వస్తున్నట్టుంది.

రెండో సంగతి ఎడిటింగులో. రికార్డరు ఆడియోని కెమెరా వీడియో మీద మొదట్లో సరిగ్గా కూర్చోబెడతాను. కాసేపు బాగానే నడుస్తుంది. క్లాసు చివరికొచ్చేసరికి తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఫోను వీడియో అయితే మరీనూ, మధ్యలో ఒకలా, చివర్లో ఇంకోలా ఉంటుంది.

రెండూ ఒకటే జబ్బా? ఆఫ్‌సెట్‌కి అందరికీ పనికొచ్చే అంకె ఏదైనా ఉందా? విని విని నాకిప్పుడు ఏది సరో కూడా తెలియట్లేదు.

ఎడిట్‌టేబుల్

ఒక్క ప్రశ్న. మీరు వింటున్న హెడ్‌ఫోన్స్ బ్లూటూతా? అయితే ముందు అవి తీసేసి వైరువి పెట్టుకోండి. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాటంతట అవే 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం చేర్చగలవు. కొన్ని ప్లేయర్లు దాన్ని లెక్కలోకి తీసుకుని వీడియోని ఆపుతాయి, కొన్ని ఆపవు. వాటితో విని సింక్ తేల్చడం కుదరదు.

సౌండ్‌చెక్

పైన చెప్పింది అక్షరాలా నిజం. నేనైతే ఇంకో అడుగు ముందుకెళ్లి, సింక్ తేల్చడానికి చెవిని అసలు వాడొద్దంటాను. వైరు హెడ్‌ఫోన్స్ అయినా సరే. ఒకే క్లిప్పు పదిసార్లు వింటే మెదడు సర్దుకుపోతుంది, తప్పు కూడా ఒప్పులాగే వినిపిస్తుంది. ఫైలు తెరిచి, ఫ్రేములు (వీడియోలోని ఒక్కో బొమ్మ) లెక్కపెట్టి, అంకె రాసుకోవాలి. గంటల తరబడి సాగే ఉపన్యాసాలు, కచేరీలు రికార్డు చేయడం నా పని. ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన అలవాటు ఇదొక్కటే: కొలవకుండా ఏ సెట్టింగూ ముట్టుకోను.

మీవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకటి మొదటి సెకనులో ఎంత తేడా ఉందో చివరి సెకనులోనూ అంతే ఉండేది. దాన్ని ఆఫ్‌సెట్ అందాం. రెండోది సున్నా దగ్గర మొదలై మెల్లగా పెరుగుతూ పోయేది, అంటే డ్రిఫ్ట్. మొదటిదానికి ఒక అంకె మందు. రెండోదానికి ఏ అంకె పెట్టినా లాభం లేదు. మొదట్లో సరిచేస్తే చివర చెడుతుంది, చివర సరిచేస్తే మొదలు చెడుతుంది. మీరు రెండింటినీ కలిపి ఆలోచిస్తున్నారు కాబట్టే తల తిరుగుతోంది.

లైవ్ సంగతి ముందు చూద్దాం. మైకు సిగ్నలు ఇంటర్‌ఫేస్‌లోంచి కొన్ని మిల్లీసెకన్లలోనే కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది. బొమ్మ అలా రాదు. కెమెరా సెన్సార్ చదవాలి, రంగులు సర్దాలి, హెచ్‌డీఎంఐలోకి పంపాలి, క్యాప్చర్ కార్డు దాన్ని అందుకుని యూఎస్‌బీలోకి తోయాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒకటో రెండో ఫ్రేములు ఆగుతాయి. అందుకే మీకు చప్పుడు ముందొస్తోంది. ఎన్ని ఫ్రేములు ఆగుతాయనేది మీ కెమెరా, మీ కార్డు, మీరు పెట్టిన రిజల్యూషన్ బట్టి ఉంటుంది. కాబట్టి అందరికీ పనికొచ్చే అంకె అనేదే లేదు. ఆ 200 ఆ వీడియో చేసినాయన కెమెరాకి సరిపోయి ఉంటుంది, అంతే.

కొలిచే పద్ధతి చెప్తాను. ఆఫ్‌సెట్‌ని మళ్లీ సున్నా చేయండి. ఓబీఎస్‌లోనే ఓ పది సెకన్లు రికార్డు చేయండి. చెల్లెలుగారిని డ్రమ్ము మీద కాకుండా, కెమెరాకి ఎదురుగా ఒక కర్ర అడ్డంగా పట్టుకుని రెండో కర్రతో దాని మీద ఒక్క దెబ్బ కొట్టమనండి. డ్రమ్ము మీద కొడితే కర్ర తోలుని ఎప్పుడు తాకిందో ఎదురు కెమెరాలో సరిగ్గా కనపడదు. కర్ర మీద కర్ర అయితే అనుమానానికి తావుండదు. ఆ ఫైలుని ఎడిటర్‌లో వేసి, వేవ్‌ఫామ్‌ని, అంటే సౌండు గీతని, బాగా పెద్దది చేయండి. దెబ్బకి ముందు గీత దాదాపు చదునుగా ఉంటుంది, తర్వాత ఉన్నట్టుండి గోడలా లేస్తుంది. ఆ గోడ మొదలు దగ్గర గుర్తు పెట్టండి. అక్కణ్ణుంచి ఒక్కో ఫ్రేమే ముందుకి జరుపుతూ కర్రలు తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. వేగానికి కర్ర మసకగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. మసక ఆగి రెండు కర్రలూ కలిసిన మొదటి ఫ్రేమే మీకు కావాల్సింది. 60 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, 30లో 33.3, 25లో 40. వచ్చిన లెక్కని గుణించి, ఆ అంకెని ఓబీఎస్‌లో అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మైకు ఎదురుగా సింక్ ఆఫ్‌సెట్‌లో పెట్టండి. ప్లస్ అంకె అంటే ఆడియోని ఆపడం. పెట్టాక మళ్లీ ఒకసారి రికార్డు చేసి చూడండి.

లైవ్‌లో ఒక సూత్రం మాత్రం ఉంది. ఆలస్యంగా వచ్చేదాన్ని ముందుకి లాగలేం, ముందొచ్చినదాన్ని ఆపగలం. అంటే అన్నింటికంటే నిదానంగా వచ్చేదాని కోసం మిగతావన్నీ ఆగాలి. మీ దగ్గర ఆ నిదానం బహుశా పెద్ద కెమెరాదే. వెబ్‌క్యామ్ హెచ్‌డీఎంఐ దారిలో రాదు కాబట్టి దాని ఆలస్యం వేరు. అది కూడా ఇదే కర్రల దెబ్బతో కొలవండి. అది ముందొస్తుంటే దానికి రెండర్ డిలే ఫిల్టర్ వేసి పెద్ద కెమెరా దగ్గరికి తెచ్చేయండి. ఆ ఫిల్టర్ 500 మిల్లీసెకన్ల దాకా ఆపగలదు, మీకు చాలు. లేకపోతే చేయి ఒకప్పుడు, కాలు ఒకప్పుడు కొట్టినట్టు కనపడుతుంది. డ్రమ్స్ పాఠంలో అంతకంటే ఘోరం లేదు.

ఎంత తేడా ఉంటే జనం పట్టేస్తారని అనుమానం రావచ్చు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ బీటీ.1359 అనే సిఫారసులో లెక్క ఉంది. సౌండు 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకపడినా చూసేవాళ్లు గుర్తుపట్టడం మొదలవుతుంది. రెండు వైపులా సమానం కాదు, చూశారా? దూరంలో జరిగినదాని చప్పుడు మనకి ఎప్పుడూ ఆలస్యంగానే వినిపిస్తుంది, ముందు వినిపించడం ప్రకృతిలో లేదు. అందుకే ముందొచ్చే సౌండు మహా చిరాకు పెడుతుంది. అయితే ఆ అంకెలు టీవీ ప్రసారాల్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మీది తాళం నేర్పే క్లాసు. నేనైతే ఒక్క ఫ్రేముకి మించి తేడా ఉంచను.

డ్రిఫ్ట్ గురించి: కెమెరాకి, రికార్డరుకి, ఫోనుకి వేటి క్రిస్టల్ గడియారం వాటిదే. ఒకే గోడకి రెండు గడియారాలు తగిలించి ఒకే క్షణాన ముళ్లు కలిపినా, కొన్నాళ్లకి ఒకటి ముందూ ఒకటి వెనకా నడుస్తాయి కదా, ఇదీ అంతే. రెండింటి మధ్య పది లక్షల్లో 50 వంతుల తేడా ఉంటే గంటకి 180 మిల్లీసెకన్లు పక్కకి జరుగుతుంది. ఏదీ చెడిపోయినట్టు కాదు, మంచి సామానులోనూ ఉంటుంది.

క్లాసు మొదట్లో ఒక కర్రల దెబ్బ, చివర్లో ఒకటి, అన్ని కెమెరాలకీ కనపడేలా, రికార్డరుకి వినపడేలా కొట్టించండి. ఆ రెండు దెబ్బల మధ్య ఒక్కో పరికరం ఎంత సమయం చూపిస్తోందో రాసి ఇక్కడ పెట్టండి. అప్పుడు మాట్లాడదాం.

బూమ్‌పోల్

ఇంత కష్టం దేనికండీ? అన్నింటికీ తలా ఒక టైమ్‌కోడ్ డబ్బా (అన్ని రికార్డింగుల మీదా ఒకే సమయం ముద్ర వేసేది) తగిలిస్తే సరి. ఎడిటర్‌లో ఒక్క బటన్ నొక్కితే అన్నీ వాటి చోట్లో కూర్చుంటాయి.

సౌండ్‌చెక్

కూర్చుంటాయి, కాదనను. చాలా కెమెరాలు, చాలా క్లిప్పులు ఉన్న షూటింగులో టైమ్‌కోడ్ లేకుండా నేనూ పని చేయను. కానీ ఇక్కడ అడిగింది వేరు. టైమ్‌కోడ్ ఫ్రేముకి నంబరు వేస్తుంది గానీ, రికార్డరు లోపలి గడియారాన్ని నడిపించదు. గంట సేపు ఆపకుండా రికార్డు చేసిన ఒకే పెద్ద ఫైలు మొదట్లో సరిగ్గా కూర్చుని, చివరికి ఎప్పటిలాగే జరిగిపోతుంది. నడక కూడా కలవాలంటే పరికరాలన్నీ ఒకే గడియారం మీద నడవాలి. దానికి కెమెరాకి జెన్‌లాక్, ఆడియోకి వర్డ్ క్లాక్ అనే, బయటి గడియారాన్ని అందుకునే సదుపాయాలు ఉండాలి. చేతి రికార్డర్లలో, ఫోన్లలో అవి ఉండవు. ఇలా వాయించే క్లాసులో కర్రల దెబ్బే చాలు, ఖర్చు లేని పని.

డ్రమ్‌క్లాస్

అందరికీ థాంక్స్. హెడ్‌ఫోన్స్ బ్లూటూతే. పక్కన పెట్టేశాను.

లైవ్ కొలిచాను. 60 ఫ్రేముల్లో పెద్ద కెమెరా 7 ఫ్రేములు వెనక ఉంది. అంటే 117. అది పెట్టాక గోడ మొదలూ కర్రలు కలిసే ఫ్రేమూ ఒక్కచోటికొచ్చాయి. 200 పెట్టినప్పుడు ఎందుకు వెనకపడిందో ఇప్పుడు అర్థమైంది. వెబ్‌క్యామ్ 3 ఫ్రేములే వెనక ఉంది, దానికి మిగతా నాలుగింటికీ సరిపడా 67 రెండర్ డిలే ఇచ్చాను. కాలూ చేయీ కలిశాయి. చూస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇక రెండు దెబ్బల లెక్క. పెద్ద కెమెరా కార్డులో రికార్డయిన వీడియో ప్రకారం రెండింటి మధ్య 70 నిమిషాలు, అంటే 4200 సెకన్లు సరిగ్గా వచ్చింది. రికార్డరులో 4200.3. ఫోనులో చివరి దెబ్బ 8 ఫ్రేములు తేడా ఉంది, కానీ మధ్యలో ఒకచోట చూస్తే అప్పటికే 11 ఫ్రేముల తేడా! పెరిగి తగ్గడం ఏమిటి? శాంపిల్ రేటు (సౌండుని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తుందనేది) అన్నిచోట్లా 48 కిలోహెర్ట్జ్ ఉందో లేదో కూడా చూశాను, ఉంది.

ఎడిట్‌టేబుల్

ఫోను సంగతి నేను చెప్తాను, రోజూ దీంతోనే కుస్తీ. చాలా ఫోన్లు ఫ్రేముల్ని సమానమైన ఎడంతో రికార్డు చేయవు. వెలుతురు తగ్గితే, ఫోను వేడెక్కితే ఫ్రేముల మధ్య ఎడం మారిపోతుంది. 30 అని రాసి ఉన్నా లోపల ఒకచోట 29, ఒకచోట 24 ఉండొచ్చు. ప్రతి ఫ్రేముకీ ఎప్పుడు చూపించాలో సమయం ఫైల్లోనే రాసి ఉంటుంది కాబట్టి ప్లేయర్‌లో బాగానే ఆడుతుంది. కొన్ని ఎడిటర్లు మాత్రం ఆ సమయాల్ని సరిగ్గా పాటించకుండా, ఫ్రేములన్నీ సమానం అనుకుని వరుసగా పేరుస్తాయి. అందుకే మీకు తేడా పెరిగి తగ్గుతోంది. నిజమైన గడియారం తేడా అయితే ఒకే దిక్కుగా, దాదాపు ఒకే వేగంతో పెరుగుతుంది తప్ప ఇలా ఊగదు.

ఫైలు వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో ఆ ఫైలు తెరిచి ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర చూడండి, వేరియబుల్ అని ఉంటే ఇదే. వీడియోల్ని మార్చే హ్యాండ్‌బ్రేక్‌లో వేసి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30 ఇచ్చి, కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకోండి. క్వాలిటీ కాస్త ఎక్కువే పెట్టండి, మళ్లీ ఎన్‌కోడ్ అవుతుంది కాబట్టి. వచ్చిన కొత్త ఫైలునే టైమ్‌లైన్ మీద వేయండి. పాతది ఒక్క క్లిప్పు కూడా కలపొద్దు. ఆ తర్వాత రెండు దెబ్బలూ మళ్లీ కొలవండి. మిగిలేది చిన్న తేడానే అయి ఉంటుంది. ముందుముందు ఫోనులో ఫ్రేమ్ రేటు లాక్ చేసే కెమెరా యాప్ వాడితే కొంతవరకు తప్పించుకోవచ్చు. వెలుతురు పెంచినా సాయమే.

సౌండ్‌చెక్

ఫోను గురించి పైన చెప్పినదానికి నేను కలపాల్సింది లేదు. రికార్డరు అంకెలు చూసి సంతోషమేసింది, ఎందుకంటే ఇది మామూలు డ్రిఫ్టే. 4200 సెకన్లలో 0.3 సెకను అంటే పది లక్షల్లో 71 వంతులు. శాంపిల్ రేటు చూడటం మంచి పని చేశారు. అక్కడ తప్పుంటే తేడా ఇలా నాజూగ్గా ఉండదు. 44.1లో రికార్డయినదాన్ని 48 అనుకుని ఆడిస్తే గంట పాఠం 55 నిమిషాలకే అయిపోతుంది, గొంతు కూడా సన్నబడుతుంది. అలాగే 29.97 ఫ్రేముల వీడియోని 30 అనుకుంటే గంటకి 3.6 సెకన్లు పోతుంది. గంటకి ఎంత జరిగిందో తెలిస్తే దొంగ ఎవరో సగం తెలిసినట్టే.

ఇప్పుడు మందు. రికార్డరు ఫైలు 0.3 సెకను పొడుగుంది, దాన్ని అంత మేర వేగం పెంచాలి. 4200.3ని 4200తో భాగిస్తే 1.0000714. శాతంలో 0.007. ఆడియో ఎడిటర్ ఆడాసిటీలో ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్‌లో 0.007 ఇస్తే 294 మిల్లీసెకన్లు తగ్గుతుంది. మిగిలిన 6 మిల్లీసెకన్లు ఎవరికీ కనపడవు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త, దీని గురించి నేను ఎవరితోనైనా వాదిస్తాను. శ్రుతి మారకుండా సమయం మాత్రమే సాగదీసే టైమ్ స్ట్రెచ్ వాడొద్దు. అది ఆడియోని చిన్న చిన్న ముక్కలు చేసి అతుకుతుంది. మాటకి పరవాలేదేమో గానీ, డ్రమ్ముకి ప్రాణం దెబ్బ పడిన ఆ మొదటి క్షణంలోనే ఉంది. ఆ అంచు మొద్దుబారిపోతుంది, సింబల్స్ చివర గరగర వస్తుంది. స్పీడు మార్చితే శ్రుతి కూడా మారుతుంది కదా అని భయపడతారు చాలామంది. 71 వంతులకి శ్రుతి ఎంత మారుతుందో లెక్కేస్తే, ఒక స్వరస్థానాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒక భాగంలో ఎనిమిదో వంతు. ఏ చెవికీ అందదు.

ఈ 71ని శాశ్వతంగా రాసి పెట్టేసుకోకండి. వేడిని బట్టి క్రిస్టల్ నడక కొంచెం మారుతుంది. దగ్గర దగ్గరగానే వస్తుంది, అయినా ప్రతి క్లాసుకీ చివరి దెబ్బ కొట్టించండి.

డ్రమ్‌క్లాస్

చేశాను. రికార్డరు చివరిదాకా అతికినట్టు ఉంది. ఫోను మార్చిన ఫైల్లో చివర 2 ఫ్రేములే తేడా, ఒకే దిక్కుగా. మధ్యలో తను మాట్లాడకుండా ఉన్న చోట కోసి ఒక ఫ్రేము జరిపాను, సరిపోయింది.

ఒక్క కొత్త సమస్య. లైవ్‌లో తను ఇయర్‌ఫోన్స్‌లో తన సౌండు వింటూ వాయిస్తుంది. తనకి చేయి కుదరట్లేదట. చూసేవాళ్లకి బాగుంది, తనకి బాలేదు.

సౌండ్‌చెక్

తను ఓబీఎస్ మానిటర్ వింటోంది, అందుకు. కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగొచ్చే సౌండు ఆలస్యంగా చెవిలోకి వస్తోంది. వెనకపడ్డ తన దెబ్బలు తానే వింటూ ఎంత పెద్ద విద్వాంసులైనా తాళం నిలబెట్టలేరు. ఓబీఎస్‌లో ఆడియో మానిటరింగ్‌ని మానిటర్ ఆఫ్ చేసేయండి. ఇయర్‌ఫోన్స్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్ మీదున్న హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టి డైరెక్ట్ మానిటర్ ఆన్ చేయండి. సౌండు కంప్యూటర్‌లోకి వెళ్లకముందే చెవికి చేరుతుంది. వెనక వచ్చే ట్రాక్ ఏదైనా వేసుకుని దాని మీద వాయిస్తుంటే, ఆ ట్రాక్‌కి కూడా ఓబీఎస్‌లో అదే 117 ఇవ్వడం మర్చిపోవద్దు. లేకపోతే ట్రాక్ ముందూ డ్రమ్స్ వెనకా వెళ్తాయి, తప్పు తనదే అనుకుంటారు జనం.

డ్రమ్‌క్లాస్

ట్రాక్ వేసుకునే వాయిస్తుంది! దానికి ఆఫ్‌సెట్ ఇవ్వలేదు. ఇప్పుడే ఇస్తున్నాను. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ అని చిన్న నాబ్ ఉంది, దాన్నేనా మీరు చెప్పేది?

సౌండ్‌చెక్

అదే. ఒక వైపు తిప్పితే నేరుగా మైకు, రెండో వైపు తిప్పితే కంప్యూటర్ నుంచి వచ్చేది. తనకి ట్రాక్ కూడా వినపడాలి కాబట్టి మధ్యలో పెట్టి, తను వాయిస్తూ ఉండగా కొంచెం అటూ ఇటూ తిప్పి తనకి నచ్చిన చోట ఆపండి. ట్రాక్‌ని ప్లేయర్ నుంచి నేరుగా ఇంటర్‌ఫేస్‌కే పంపండి, ఓబీఎస్ మానిటర్ గుండా కాదు. అయ్యాక మళ్లీ పది సెకన్లు రికార్డు చేసి, ట్రాక్ తాళమూ కర్ర దెబ్బా ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూడండి.